పెళ్లి కోసం బాప్తిస్మమా?

పోయినేడాది మా చుట్టాల్లో ఒక పెళ్లి కుదిరింది. అమ్మాయివాళ్లు గుంటూరు లూథరన్లు, అంటే పసిపిల్లలకు కూడా బాప్తిస్మం ఇచ్చేవాళ్లు. అబ్బాయివాళ్లు ఒంగోలు వైపు బాప్టిస్టులు, అంటే నమ్మి అడిగినవాళ్లనే నీళ్లలో ముంచి ఇచ్చేవాళ్లు. పిల్లలిద్దరూ ఇక్కడే అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్నారు. ప్రధానం కూడా అయిపోయాక, అబ్బాయివాళ్ల సంఘం నుంచి కబురొచ్చింది. అమ్మాయి ముంచుడు బాప్తిస్మం తీసుకుంటేనే పెళ్లి జరిపిస్తారట.

అమ్మాయి తల్లి బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా చేతిలో పెట్టింది. మడతల దగ్గర చిరుగుతున్న బాప్తిస్మం సర్టిఫికెట్. మూడు నెలల పాప పేరు, కింద అయ్యగారి సంతకం. "మరి ఇదేంటన్నయ్యా? ఇది చెల్లదా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

నేను బాప్టిస్టునే. పద్నాలుగేళ్లప్పుడు ఊరి కాలవలో పాస్టరుగారు వెనక్కి వంచి ముంచితే ముక్కులోకి పోయిన నీళ్ల మంట ఇంకా గుర్తుంది. నమ్మినవాళ్లే బాప్తిస్మం తీసుకోవాలన్నది ఇప్పటికీ నా విశ్వాసం. అయితే అవతలివాళ్లు బైబిలు చదవకుండా మాట్లాడుతున్నారని మనం అనుకుంటున్నామే, అది తప్పు.

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం తీయండి. ఫిలిప్పీ చెరసాల నాయకుడు పౌలు, సీలల బోధ విన్నాడు. "వెంటనే అతడును అతని ఇంటివారందరును బాప్తిస్మము పొందిరి." లూథరన్లు, సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లు, ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లు 'ఇంటివారందరును' దగ్గర ఆగుతారు. ఇంట్లో పసిపిల్లలు ఉండరా అంటారు. యూదుల్లో ఎనిమిదో రోజు సున్నతితో పసివాడు దేవుని నిబంధనలోకి వచ్చాడు కదా, ఇదీ అలాంటిదే అంటారు. మేము దాని ముందు వచనం చూపిస్తాం: ఇంట్లో ఉన్నవాళ్లందరికీ వాక్యం బోధించారు, ఆ తర్వాతే నీళ్లు.

తర్వాతి వచనం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మన పాత తెలుగు బైబిల్లో "దేవునియందు విశ్వాసముంచినవాడై తన ఇంటివారందరితో కూడ ఆనందించెను" అని ఉంటుంది. నమ్మింది ఆయన, ఆనందం అందరిదీ. ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిల్లో మాత్రం ఇంటివాళ్లు 'నమ్మడం' పక్కన చేరారు. గ్రీకులో 'ఇంటిల్లిపాదితో' అనే అర్థమిచ్చే మాట ఒక్కటే ఉంది. దాన్ని ఆనందించడానికి కలిపి చదవొచ్చు, నమ్మడానికి కలిపీ చదవొచ్చు. పసిపిల్లలున్నారని ఈ పుస్తకం రాసిన లూకా రాయలేదు, లేరనీ రాయలేదు.

ఇంత చిన్న తేడా కోసం ప్రాణాలు పోయాయి. 1525 జనవరిలో జ్యూరిచ్‌లో కొందరు, పసితనంలో ఇచ్చింది బాప్తిస్మం కాదని చెప్పి, మళ్లీ తీసుకున్నారు. 1527లో వాళ్లలో ఒకరైన ఫీలిక్స్ మాంజ్‌ను నగర పాలకులు లిమ్మాత్ నదిలో ముంచి చంపారు. విశ్వాసాన్ని బలవంతంగా రుద్దకూడదని ప్రాణమిచ్చినవాళ్లు మాకు ముందు ఈ దారిన నడిచారు. అలాంటి మేము ఒక పెళ్లికూతురికి షరతు పెడుతున్నాం!

మన దగ్గర ఏ ఇంటికి ఏ అర్థం వచ్చిందన్నది చాలావరకు ఆ ఊరికి ఏ మిషన్ ముందు వచ్చిందన్న దాన్నిబట్టే. 1842లో గుంటూరుకు లూథరన్ మిషనరీ హయ్యర్ దొరగారు వచ్చారు, అక్కడివాళ్లు లూథరన్లయ్యారు. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు పనిచేశారు, మేము బాప్టిస్టులమయ్యాం. ఆ క్లౌ గారి గురించి మా ఇళ్లలో తరచూ చెప్పుకునేది గుండ్లకమ్మ నదిలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చిన బాప్తిస్మం. దాని ముందు సంగతి నాకు అంతకన్నా గొప్పగా అనిపిస్తుంది. 1876-78 నాటి ధాత కరువులో ఆయన బకింగ్‌హాం కాలవ తవ్వకంలో వేలమందికి పని ఇప్పించి కడుపు నింపారు. బాప్తిస్మం ఇవ్వమని జనం అడుగుతున్నా, తిండి కోసం వస్తున్నారేమోనని, కరువు సాయం ముగిసేదాకా ఇవ్వలేదు.

కూడు కోసం తీసుకునే బాప్తిస్మం వద్దన్న సంఘం మాది. పెళ్లి కోసం తీసుకునేది ఎలా ఒప్పుకుంటాం? నమ్మి, తనంతట తాను అడిగి తీసుకోవాలన్నదే కదా మా బోధ! శుభలేఖలు ఆగిపోతాయనే టెన్షన్‌తో బాప్తిస్మం తొట్టిలో దిగిన అమ్మాయిది ఏ విశ్వాసం? లూథరన్ల లెక్కలో అది దేవుడు ఒకసారి ఇచ్చిన మాటను తోసెయ్యడం. మా లెక్కలో కూడా అది బాప్తిస్మం కాదు.

ఆ అమ్మాయి శుక్రవారం సాయంత్రం తొట్టిలో దిగింది. మర్నాడు పెళ్లి. తల్లి శుక్రవారం రాలేదు.

మన సంఘ పెద్దలను నేను అడిగేది ఒక్కటే. ప్రధానానికి ముందే ఇరువైపుల పెద్దలూ కూర్చుని ఈ 16వ అధ్యాయం కలిసి చదవండి. ఎవరి సంఘంలో ఏమి నేర్పుతారో పిల్లలకు దాపరికం లేకుండా చెప్పండి. ఆ తర్వాత అమ్మాయిని వదిలెయ్యండి. పదేళ్లకు తనకే అనిపించి అడిగితే, అప్పుడు ఇవ్వండి.

చెల్లెమ్మా, ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇదీ: ఆ సర్టిఫికెట్ చెల్లుతుందని అనడానికి నా మనస్సాక్షి ఒప్పుకోదు. కానీ దాన్ని చెల్లదని చెప్పి నీ కూతుర్ని నీళ్లలోకి దింపే హక్కు మాకు లేదు.