పరజలు దిగే వేళకు మన సన్నాహాలు

మా మేనల్లుడు అమెరికాలో, ఆర్కాన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ దేశంలో వరి అన్నిటికంటె ఎక్కువగా పండేది ఆ రాష్ట్రంలోనే. స్టట్‌గార్ట్ అనే పట్టణం చుట్టూ మన డెల్టాలాగే కనుచూపు మేర వరిపొలాలు ఉంటాయట. కోతలయ్యాక నీరు నిలిచిన ఆ మళ్ళలోకి చలికాలంలో ఉత్తరాది నుంచి బాతులు గుంపులుగా దిగుతాయి. తోటి ఉద్యోగి వెంట ఈసారి తానూ వేటకు వెళ్ళబోతున్నాననీ, అందుకోసం మూడు నెలలుగా సాధన చేస్తున్నాననీ వాడు మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో వ్రాశాడు. వెంటనే ఇక్కడి నుంచి మా బావగారి జవాబు వచ్చింది: "ఆ లైసెన్సులూ పరీక్షలూ ఎందుకురా అల్లుడూ, సంక్రాంతికి వచ్చెయ్, కొల్లేటి నుంచి నీకు కావలసినన్ని పరజలు తెప్పిస్తాను." పరజలంటే చలికాలంలో మన నీళ్ళలో దిగే అడవి బాతులు. ఆ జవాబు కింద పన్నెండు మంది నవ్వుల బొమ్మలు పెట్టారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో గ్రూపులో చెబితే పండగ పూట తగవవుతుందని ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా వాడి సన్నాహాల సంగతి చెప్పాలి. 1969లోగాని ఆ తరువాతగాని పుట్టినవారు ఆ రాష్ట్రంలో సొంతంగా వేటాడాలంటే వేట శిక్షణ పూర్తి చేసి ఉండాలి. లైసెన్సుకు తోడు, 16 ఏళ్లు నిండిన ప్రతి బాతుల వేటగాడూ 25 డాలర్లు పెట్టి బాతు స్టాంపు కొనాలి. 1934 నుంచి అమలులో ఉన్న ఆ స్టాంపు మీద వచ్చే డబ్బులో దాదాపు అంతా చిత్తడి నేలలను కొనడానికీ కాపాడడానికీ పోతుంది. తుపాకిలో మూడు తూటాలకు మించి పట్టకూడదు, గింజలు చల్లి పక్షిని రప్పించి కొట్టకూడదు. నీటి పక్షుల మీద సీసపు రవ్వలు వాడడం 1991 నుంచి దేశమంతటా నిషిద్ధం. బురదలో పడిన రవ్వలను బాతులు గులకరాళ్ళనుకుని మింగి, సీసపు విషంతో చనిపోతూ ఉండడమే దానికి కారణం. రోజుకు ఆరు బాతులే కొట్టాలి, అందులోనూ ఫలానా జాతివి ఇన్ని, ఆడవి ఇన్ని అని లెక్క ఉంటుంది. కాబట్టి తెల్లవారుజాము మసక వెలుతురులో, గంటకు డెబ్బై ఎనభై కిలోమీటర్ల వేగంతో వచ్చే పిట్ట ఏ జాతిదో, మగదో ఆడదో తుపాకి ఎత్తకముందే పోల్చుకోగలగాలి. వాడు సాయంత్రాలు గాలిలోకి విసిరే మట్టి బిళ్ళలను కొట్టడం నేర్చుకుంటున్నాడు. పిట్ట ఉన్నచోటికి కాక అది చేరబోయే చోటికి గురిపెట్టడం చేతికి అలవాటు కావడానికే నెల పట్టిందట. బాతులా కూత పెట్టే గొట్టాన్ని కారులో కూర్చుని ఊదుతున్నాడు, ఇంట్లో ఊదితే పక్క వాటా వాళ్ళు తలుపు తట్టారట. (ఆ కూత మీద స్టట్‌గార్ట్‌లో 1936 నుంచి పోటీలు జరుగుతున్నాయంటే నేను ముందు నమ్మలేదు.)

చంపడం గొప్ప అని నేను చెప్పడం లేదు. లైసెన్సు ఉన్నంత మాత్రాన తుపాకికి తృప్తి అంటూ ఒకటి వస్తుందన్న నమ్మకమూ నాకు లేదు. 1938 నవంబరు 12న రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో వైస్రాయి లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో 4,273 పక్షులను కూల్చింది, అదీ రాజమర్యాదలతోనే. నా అభ్యంతరమల్లా వేట అనే మాటను మనవాళ్ళు వాడుతున్న తీరు మీద.

మా తాతగారికి ఒంటిగొట్టం తుపాకి ఉండేది, లైసెన్సు ఉండేది. తాటిదోనె మీద కిక్కిస పొదల్లోకి వెళ్ళి, తెల్లవారేదాకా మోకాలి లోతు నీళ్ళలో కదలకుండా కూర్చునేవారట. పరజ గాలికి ఎదురుగా వాలుతుంది కనుక గాలిని వీపున పెట్టుకుని కూర్చోవాలని, తల ఎత్తి చూస్తే పైనుంచి వచ్చే పిట్టకు మన ముఖమే ముందు మెరుస్తుందని ఆయన చెప్పేవారు. తుపాకి పోలీసు స్టేషనులో అప్పగించేసిన తరువాత కూడా కార్తీక మాసం రాగానే నన్ను వెంటబెట్టుకుని గట్టు మీదికి వెళ్ళడం మానలేదు. నీళ్ళ మీది నుంచి నిట్టనిలువుగా లేచేది మేత కోసం తల మాత్రమే ముంచే రకమనీ, కొంతదూరం నీటి మీద పరుగెత్తి గాని లేవలేనిది మునిగి మేసే రకమనీ, గుంపు ఈల వేస్తూ పోతే అది ఇక్కడే చెట్ల తొర్రలలో గుడ్లు పెట్టే మన ఈలబాతు అనీ నాకు నేర్పింది ఆయనే. ఆ రోజుల్లో మా చేతుల్లో ఉన్నదల్లా ఒక చేతికర్ర, చద్దన్నం డబ్బా.

ఇప్పుడు మా బావగారు తెప్పిస్తానంటున్న పరజలు ఎలా వస్తాయో ఈ ప్రాంతం వారందరికీ తెలుసు. సాయంత్రం చీకటి పడ్డాక సన్నని నైలాను వలలు కడతారు, లేదా పొలానికి వేసే గుళికల మందు కలిపిన గింజలు గట్టున చల్లుతారు. పొద్దున్నే వెళ్ళి ఏరుకు వస్తారు. సూదితోక బాతు, గరిటెముక్కు బాతు, నీటికోడి, మధ్యలో చిక్కిన కొంగ, అన్నీ ఒకే సంచిలోకి పోతాయి. ఇందులో గాలి ఎటు వీస్తోందో తెలియనక్కరలేదు, పిట్ట పేరు తెలియనక్కరలేదు, మేలుకుని ఉండవలసిన పని కూడా లేదు. దీనిని వేట అంటే మా తాతగారు ఆ మనిషిని దోనె ఎక్కనిచ్చేవారు కాదు. విషం తిని పడిన పిట్టను కోసి అల్లుడి విస్తరిలో వడ్డించడం ఏ మర్యాదో నాకు అర్థం కాదు. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల కోళ్ళఫారాలలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఉడికించిన గుడ్డు ముట్టుకోవడానికి భయపడిన ఇళ్ళలోనే, ఎక్కడ చచ్చిందో తెలియని అడవి బాతుకు పెరట్లో ఉత్తచేతులతో ఈకలు పీకుతున్నారు.

ఇక చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద లైసెన్సు మీద కొన్నింటిని వేటాడే వీలు కొంతకాలం ఉండేది, 1991 సవరణతో అదీ పోయింది. ఆ చట్టం దృష్టిలో వల వేయడం, ఉచ్చు పెట్టడం, విషం పెట్టడం, గూడు చెరపడం కూడా వేటే. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. అభయారణ్యంలో వేటాడితే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్ల జైలు. ఎయిర్‌గన్‌కు లైసెన్సు అడగరు కదా అని వాదించే కుర్రాళ్ళకు చెప్పేది కూడా ఇదే: ఆ మినహాయింపు తుపాకికి సంబంధించినది, పిట్టకు సంబంధించినది కాదు.

చేపల చెరువుల వారి గోడు నాకు తెలియనిది కాదు, మాకూ రెండెకరాల చెరువు ఉంది. అయితే మన చేపపిల్లలను మింగేది ఎక్కువగా నీటికాకి, గూడబాతు (పేరుకే బాతు, అది పెలికాన్). గరిటెముక్కు బాతు నీటిని ముక్కుతో వడగట్టి పురుగునూ నాచునూ తింటుంది. సూదితోక బాతు గింజల కోసం, దుంపల కోసం వస్తుంది. చెరువులో నష్టం చేసిందెవరో తెలుసుకోకుండా వల కట్టేవాడికి కోపం ఉందని ఒప్పుకుంటాను, కారణం ఉందని ఒప్పుకోను.

నేర్పు మీద నిజంగా మోజున్నవారికి మన దగ్గర చేతినిండా పని ఉంది. 1987 నుంచి ఆసియా దేశాలలో ప్రతి జనవరిలో నీటి పక్షుల లెక్కింపు జరుగుతోంది. కొల్లేరులోనైనా, కోరింగలోనైనా, ఊరి చెరువు గట్టునైనా ఆ లెక్కకు కావలసింది పాత వేటగాడి విద్యే: చీకటితో బయలుదేరడం, గాలి చూసుకోవడం, రంగు కనిపించని వెలుతురులో రెక్క విసురును బట్టి, అరుపును బట్టి పోల్చుకోవడం. వానాకాలం చివర వచ్చే తొలి గుంపులలో మగవాటికి ఇంకా పెళ్ళి ఈకలు రావు, అవీ ఆడవాటిలాగే గోధుమ రంగులో ఉంటాయి. అప్పుడు రెక్క మీది మచ్చే ముఖ్యమైన ఆనవాలు. ముప్పై ఏళ్లుగా చూస్తున్న నేను ఇప్పటికీ అక్టోబరులో పొరబడుతూనే ఉంటాను. వేయి పక్షుల గుంపును పదేసి, వందేసి చొప్పున కంటితో విడగొట్టి, అవి లేచిపోయేలోగా లెక్క తేల్చడం ఎంత కష్టమో చేసి చూస్తేనే తెలుస్తుంది.

మేనల్లుడు ఈ సంక్రాంతికి వస్తున్నాడు. కనుమ నాటి తెల్లవారుజామున నాలుగున్నరకు వాడినీ, వాడితోపాటు మా బావగారినీ లేపి గట్టు మీదికి తీసుకువెళతాను. రెండు బైనాక్యులర్లు ఉన్నాయి, మూడోది అరువు తెచ్చుకుంటాను. మధ్యాహ్నం భోజనంలోకి నాటుకోడి చెప్పి ఉంచాను.