విచారణ గుడిని పడగొట్టే ముందు ఊరినీ అడగండి

మొన్న ఫిబ్రవరిలో, ఊరు వదిలి వచ్చిన మన కతోలికుల సంఘం ఇక్కడ జరిపిన గుణదల మాత పండుగలో పూజ అయ్యాక, ఇంకా భోజనాలకు లేవకముందే తెర మీద ఒక బొమ్మ వేశారు. గుంటూరు జిల్లాలో మా విచారణకు, అంటే మా పారిష్‌కు, మన సంఘం డబ్బుతో కట్టబోయే కొత్త దేవాలయం ప్లాను అది. రెండు గోపురాలు, గ్రానైటు మెట్లు, గుమ్మం పక్కన దాతల పేర్లతో పెద్ద శిలాఫలకం. పాత గుడి సంగతేంటని వెనక నుంచి ఒక పెద్దాయన అడిగితే, "పడగొట్టాలి కదండీ, అయినా ఇప్పుడక్కడ ఎవరున్నారు, అందరూ ముసలివాళ్లేగా" అన్నారొకరు. కొంతమంది నవ్వారు కూడా. ఆ ముసలివాళ్లలో మా అమ్మ ఉంది. అందుకే ఇది కాస్త కోపంగానే రాస్తున్నాను.

మా వైపు విచారణల చరిత్ర మీకు కొత్త కాదు. రాయలసీమ నుంచి వలస వచ్చిన కతోలిక కుటుంబాలు, 19వ శతాబ్దం చివర్లో వచ్చిన మిల్‌హిల్ మిషనరీ సభ గురువులు, వాళ్లలో ఫిరంగిపురంలో పనిచేసిన డీక్‌మన్ స్వాములు, 1904లో హాలెండ్ నుంచి గుంటూరు వచ్చిన జె.ఎం.జె. (జీసస్ మేరీ జోసెఫ్) సభ సిస్టర్లు, 1940లో నెల్లూరు నుంచి విడిపోయి ఏర్పడిన గుంటూరు మేత్రాసనం (బిషప్పుగారి పరిధి), ఇవన్నీ ప్రతి జూబిలీ సంచికలో వేసుకుంటాం. మా గుడి గోడలకు గానుగ సున్నం తొక్కినవాళ్లు, రాళ్లు మోసినవాళ్లు మాత్రం ఏ సంచికలోనూ లేరు. వాళ్లలో ఎక్కువమంది మా పల్లెవాళ్లే, అంటే దళితవాడవాళ్లే. నెలకోసారి ఫాదరుగారు వచ్చే ఊళ్లలో మిగతా రోజులన్నీ జపం చెప్పించి, చావుబతుకుల్లో పక్కన నిలబడిన ఉపదేశిగార్ల పేర్లూ లేవు.

వాళ్ల పేర్లు ఉన్నది ఒక్కచోటే, జ్ఞానస్నాన (బాప్తిస్మం) పుస్తకంలో. నా పెళ్లికి ఇక్కడి చర్చివాళ్లు ఆరు నెలల్లోపు తీసిన జ్ఞానస్నాన పత్రం కావాలంటే ఊరు వెళ్లాను. ఫాదరుగారి గదిలో ఇనప బీరువా తెరిచి ఉపదేశిగారు ఆ పుస్తకాలు దించారు. కలరా ఉండల వాసన, అట్ట ఊడిపోయి దారాలు బయటపడ్డ వీపు, ఒక మూల చెదలు కొరికిన గుండ్రటి బెజ్జం. నా పేరు దొరికాక ఆయన ఆగలేదు, ఇంకా పాత పుస్తకం తీసి లాటిన్‌లో రాసిన వరసల కింద వేలు జరుపుకుంటూ వెళ్లి మా నాయనమ్మ దగ్గర ఆపారు. ఆమె పేరు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞానతల్లి (గాడ్‌మదర్) పేరు, పక్క మార్జిన్‌లో వేరే సిరాతో ఆమె పెళ్లి ఎక్కడ, ఎవరితో అయిందో. మనకు ప్రపంచంలో ఎక్కడ పెళ్లయినా కబురు జ్ఞానస్నానం పొందిన విచారణకు వెళ్లాలి, అక్కడ ఆ వరస పక్కనే రాయాలి, ఇది శ్రీసభ (కతోలిక చర్చి) చట్టం. అంటే ఆ రోజు హాల్లో కూర్చున్న చాలామంది పెళ్లిళ్లు గుంటూరు జిల్లాలోని ఏదో ఒక బీరువాలో ఉన్నాయి. మిరప చేలో కూలికి పోయిన మా నాయనమ్మ పుట్టుకను ఏ సర్కారు ఆఫీసూ రాసుకోలేదు. పెన్షన్‌కు వయసు రుజువు అడిగితే ఆ వరసే దిక్కయింది.

కొత్త ప్లానులో ఈ పుస్తకాల మాటే లేదు. గుడితో పాటు ఫాదరుగారి పాత బంగళా కూడా కూల్చుతారట. పుస్తకాలు ఎక్కడ పెడతారని అడిగితే స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పెట్టేద్దాం అన్నారొకరు. దయచేసి ఆ పని చేయకండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది, క్రైస్తవులైన ఎస్సీలకిచ్చిన బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకోవాలి. అందుకే బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరుతో బతికే కుటుంబాలు మా వైపు ఎన్నో ఉన్నాయి. ఆ పేజీలు నెట్‌లోకి ఎక్కితే ఎవడి ఉద్యోగానికి ఎసరొస్తుందో ఇక్కడ సోఫాలో కూర్చున్న మనకు తెలియదు. ఫోటోలు తీయించాల్సిందే, కానీ ఒక కాపీ విచారణలో, ఒకటి మేత్రాసనంలో ఉండాలి, అంతే.

కొత్త గుడి అడిగేవాళ్ల బాధ కూడా నిజమే. వానొస్తే పీఠం పక్కన బకెట్లు పెడతారు. క్రిస్మస్ రాత్రి సగం జనం బయట షామియానా కింద మంచులో వణుకుతారు. ఊళ్లో కుర్రాళ్లు కూడా స్లాబ్ కావాలనే అంటున్నారు. పాత గుడిలో అంతా ప్రేమే ఉండేదని కూడా నేను చెప్పను. మా చిన్నప్పుడు మేము ఒక పక్కనే కూర్చునేవాళ్లం, పండుగనాడు తేరు పల్లె మొదట్లో ఆగి వెనక్కి మళ్లేది. పల్లె కుర్రాళ్లు తేరుకు అడ్డంగా కూర్చున్న ఏడాది నుంచే అది మా వీధిలోకి వచ్చింది. ఆ రాత్రి మా నాయనమ్మ గుమ్మం ముందు పేడనీళ్లు చల్లి, ముగ్గేసి, కొవ్వొత్తి పట్టుకుని నిలబడింది, తేరు వచ్చేదాకా కూర్చోనంది. 2022లో పూల ఆంథోని గారు తొలి దళిత కార్డినల్ అయినప్పుడు మనమంతా కేక్ కోసి ఫోటోలు దిగాం. మరి ఇప్పుడు గుడి మీద నిర్ణయానికి పల్లెను పిలవకపోతే ఎలా?

ఊళ్లో మీటింగ్ పెట్టి, పల్లెనూ పిలిచి, అడిగాక కూడా వాళ్లు కొత్తదే కావాలంటే నేనూ చందా ఇస్తాను. కానీ ముందు సున్నం కట్టడాలు తెలిసిన ఒక ఇంజనీరుకు ఆ గోడలు చూపించండి. టేకు దూలాలు గట్టిగానే ఉన్నాయని, మంగుళూరు పెంకులు మారిస్తే చాలని ఊరి తాపీమేస్త్రి అమ్మతో అన్నాడు. అది నిజమో కాదో తేల్చడానికి అయ్యేది మనం అనుకుంటున్న ఖర్చులో ఒక మూలకు కూడా రాదు. చోటు చాలకపోతే పక్కన హాలు వేయొచ్చు, స్థలం ఉంది.

పాస్క పండుగ (ఈస్టర్) తర్వాత కార్యవర్గ సమావేశంలో ఈ డబ్బు మీద ఓటింగ్ ఉంది. ఊరి మాట వినేదాకా డబ్బు పంపకూడదని తీర్మానం నేను పెడతాను. బలపరచడానికి ఇంకొక సభ్యులు కావాలి. ఎవరైనా ముందుకొస్తే ఆ లోపు నాకు చెప్పండి.