లారీ గుద్దితే ఓ లెక్క, సర్కారు ఆపరేషన్ వికటిస్తే ఇంకో లెక్క

హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నం ఘటన తెలిసిందే. 2022 ఆగస్టు 25న అక్కడి ప్రభుత్వాసుపత్రి శిబిరంలో 34 మంది మహిళలకు డీపీఎల్ (డబుల్ పంక్చర్ లాప్రోస్కోపీ) పద్ధతిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఇన్ఫెక్షన్‌తో నలుగురు చనిపోయారు. మిగతావారిని నిమ్స్‌కు, అపోలోకు తరలించారు. విచారణ వేశారు, సస్పెండ్ చేశారు, ఒక్కో కుటుంబానికి 5 లక్షలు, డబుల్ బెడ్‌రూం ఇల్లు ప్రకటించారు. వార్త పాతబడింది.

నా పేచీ ఆ 5 లక్షలతోనే. దాన్ని ఏ లెక్కన తేల్చారు?

ఆ మహిళల్లో ఒకరు ఆసుపత్రికి వెళ్లే దారిలో లారీ కింద పడి చనిపోయారనుకుందాం. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ముందు పరిహారం లెక్కకు సుప్రీంకోర్టు 2009లో, 2017లో ఖరారు చేసిన సూత్రం ఉంది. ఇంటి పనికీ విలువ కట్టాల్సిందేనని 2021లో అదే కోర్టు చెప్పింది. వయసు 28, ఆమె పని విలువ నెలకు 10 వేలు, భర్త, ఇద్దరు పిల్లలు అనుకోండి. ఏడాదికి 1.20 లక్షలు. భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 1.68 లక్షలు. ఆమె సొంత ఖర్చు కింద మూడో వంతు తీసేస్తే 1.12 లక్షలు. ఆ వయసుకు గుణకం 17, అంటే ఆ మొత్తాన్ని 17తో హెచ్చిస్తారు. మొత్తం 19 లక్షల పైచిలుకు. అంత్యక్రియల ఖర్చు లాంటివి వేరే. పైగా అది ఎవరి దయా కాదు, హక్కు. చాలకపోతే అప్పీలుకు వెళ్లొచ్చు. సర్కారు ప్రకటించిన 5 లక్షలకు అప్పీలు ఎక్కడ?

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు కదా అంటారు. వెళ్లలేరు. వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చిన 1995 తీర్పే, అందరికీ ఉచితంగా చేసే ఆసుపత్రులను బయట ఉంచింది. 2019 చట్టంలోనూ ఉచిత సేవకు చోటు లేదు. 1990లో నిమ్స్‌లో ఆపరేషన్ తర్వాత నడుం కింది భాగం చచ్చుబడిపోయిన ఓ ఇంజినీరింగ్ విద్యార్థికి 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇప్పించింది. 19 ఏళ్లు పట్టింది, నిజమే. కానీ నిమ్స్‌లో వైద్యానికి ఫీజు ఉంది కాబట్టి అతనికి తట్టడానికి ఒక తలుపుంది. ఇబ్రహీంపట్నం బాధితులకు మిగిలేది సివిల్ దావా, లేదంటే హైకోర్టు. కూలి మానుకుని ఏళ్ల తరబడి ఎవరు తిరుగుతారు?

పరిహారం పెంచితే శిబిరాలకు డాక్టర్లు రారని కొందరి భయం. డాక్టర్ జేబులోంచి ఇవ్వమని ఎవరన్నారు? హర్యానాలో విఫలమైన ఇలాంటి ఆపరేషన్ కేసులో, ఉద్యోగి నిర్లక్ష్యానికి ప్రభుత్వానిదే బాధ్యతని 2000లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

డీపీఎల్ అంటే పొట్టకు రెండు చిన్న రంధ్రాలు. ఒకదాంట్లోంచి చూస్తూ, ఇంకోదాంట్లోంచి ట్యూబులకు రింగులు వేస్తారు. నిమిషాల్లో అయిపోతుంది. ఆ వేగమే శిబిరాలకు ముద్దు, ప్రమాదమూ అక్కడే. లాప్రోస్కోప్‌ను, అంటే పొట్టలోకి చూసే ఆ గొట్టాన్ని, ఒకరి నుంచి ఇంకొకరికి మార్చే ముందు రసాయనంలో నిర్ణీత సమయం నానబెట్టాలి. క్యూ కదులుతుంటే గడియారం ఎవరు చూస్తారు? అందుకే ఒక బృందం రోజుకు 30కి మించి చేయకూడదని కేంద్రం మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2014లో బిలాస్‌పూర్ దగ్గర ఒకే సర్జన్ కొన్ని గంటల్లో 83 మందికి చేశాడు, 13 మంది చనిపోయారు. శిబిరాలను మూడేళ్లలో ఆపేయాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. గడువు 2019లోనే దాటిపోయింది. ఆ తర్వాతా శిబిరం పెట్టారంటే, ఇక నిర్లక్ష్యాన్ని బాధితులు రుజువు చేయాల్సిన పనేముంది?

అసలు ఆ క్యూలో ఆడవాళ్లే ఎందుకు నిలబడ్డారు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం దేశంలో పెళ్లయిన మహిళల్లో ట్యూబెక్టమీ (ఆడవాళ్ల ఆపరేషన్) చేయించుకున్నవారు 37.9 శాతం, భర్తకు వేసెక్టమీ (మగవాళ్ల ఆపరేషన్) అయినవారు 0.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అయితే ట్యూబెక్టమీ దాదాపు 70 శాతం. పొట్టలోకి పోకుండా, కుట్లు లేకుండా మగవాళ్లకు చేసే ఆపరేషన్ దశాబ్దాలుగా ఉంది. దాని మాటెత్తితే మన ఇళ్లల్లో "బరువు పనులు చేసేవాడు, వాడికెందుకు" అంటారు. పురుగుల మందు డబ్బా మోసేదీ, నాట్లు వేసేదీ, సిమెంటు తట్ట ఎత్తేదీ ఎవరో! ఆశా కార్యకర్త కూడా కోడలితోనే మాట్లాడి పోతుంది. కొడుకును పిలిచి అడగాలని ఆమెకు పైనుంచి గట్టిగా చెప్పేవాళ్లు లేరు. ముందు ఆ ఆదేశం ఇవ్వండి. 5 లక్షలను మధ్యంతర సాయంగా లెక్కగట్టి, మిగతాది మోటారు ట్రిబ్యునల్ సూత్రంతోనే తేల్చే అధికారం జిల్లా జడ్జికి అప్పగించండి. తప్పు చేసిన శాఖే విచారించి, ఆ శాఖే రేటు కట్టే పద్ధతి చాలించండి.