కూలీ బొమ్మ వెయ్యడం కాదు, కూలీ చేత బొమ్మ వేయించడం

కూలీల బొమ్మలు వేసే ఆర్టిస్టులకి ఎప్పుడూ కొదవ లేదు. తలగుడ్డ, చెమట, పగిలిన పాదాలు, ఎన్ని చూళ్ళేదు మనం. ఆ బొమ్మలోని మనిషి మాత్రం ఆ గ్యాలరీ మెట్లెక్కడు. అమెరికా చిత్రకారుడు హోసే మోంటోయా అలాంటి పేటల్లోని మనుషుల చేతే బొమ్మలు వేయించాడు, ఆయనంటే నాకు అంత గౌరవం అందుకే.

1932లో న్యూ మెక్సికోలో పుట్టాడు, చిన్నప్పుడే ఇంట్లోవాళ్ళతో కలిసి కాలిఫోర్నియా తోటల్లో ద్రాక్ష కోశాడు, నేవీలో చేసొచ్చి ఆర్ట్ చదివి 1970లో అక్కడి శాక్రమెంటో స్టేట్ యూనివర్సిటీలో టీచింగ్‌కి చేరాడు. అంత కష్టపడి పైకొచ్చినవాడు తనవాళ్ళ పేటల వైపు మళ్ళీ చూడకపోయినా ఎవరూ అడగరు, ఈయన మాత్రం తన స్టూడెంట్స్‌ని ఆ చికానో పేటలకే, అంటే మెక్సికో మూలాలున్న అమెరికన్ల పేటలకే పంపి అక్కడి పిల్లలకీ ముసలాళ్ళకీ బొమ్మలు నేర్పించాడు.

ఎస్తెబాన్ విల్లాతో, ఇంకొందరితో కలిసి పెట్టిన రాయల్ చికానో ఎయిర్ ఫోర్స్ అనే ఆర్టిస్టుల గ్రూపు పొలం కూలీల యూనియన్‌కి పోస్టర్లు అచ్చేసింది. మన దగ్గర శుభలేఖలేసే స్క్రీన్ ప్రింటింగే అది, ఫ్రేముకి బిగించిన గుడ్డ మీద ఇంకు పోసి రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగితే కింద కాగితం మీద బొమ్మ పడుతుంది, దాన్ని తీసి ఆరేసి ఇంకోటి పెట్టడమే. ఖర్చు తక్కువ, ఎవరికైనా చేతనవుతుంది. ఆ యూనియన్ జెండా మీద నల్ల గద్ద చూడండి, రెక్కలు మెట్లు మెట్లుగా ఉంటాయి, మామూలు మెంబరు కూడా ఇంట్లో కూర్చుని గీసుకోగలగాలనే అన్నీ తిన్నని గీతలు పెట్టారు. ఇంతకంటే గొప్ప డిజైన్ ఆలోచన నాకైతే తెలీదు.

ఇది ప్రచారం, ఆర్ట్ కాదు అనేవాళ్ళున్నారు. పోస్టర్ నినాదం కోసం పుట్టిన మాట నిజమే. కానీ ఒక తోటలో కూలి రేటు గురించి గొంతెత్తడానికి రంగు, గీత, అక్షరం అన్నీ అక్కరకొస్తే దాన్ని చిన్నచూపు చూసే హక్కు ఎవరికుంది?

అసలు నా బాధ మన బళ్ళ గురించి. మా బడిలో డ్రాయింగ్ పీరియడ్ టైంటేబుల్లో ఉండేది, పరీక్షలు దగ్గరపడగానే లెక్కల సారు తీసేసుకునేవారు, రెండేళ్ళలో నేను రంగుపెట్టె తెరిచింది నాలుగైదు సార్లే. కూలికెళ్ళే ఇళ్ళ పిల్లలకి ట్యూషన్ డ్రాయింగ్ క్లాసులు ఎక్కణ్ణుంచి వస్తాయి, వాళ్ళకి దొరికేది ఆ ఒక్క గంటే. దాన్ని ముట్టుకోకండి. వీలైతే వారానికి రెండు చెయ్యండి, ఒక స్క్రీను, ఒక రబ్బరు పట్టీ, నాలుగు డబ్బాల రంగు కొనివ్వండి.