అంచు రాలితేనే ఇల్లు నిలుస్తుంది

కోనసీమ పెంకుటిళ్ళకు ఒక గొప్ప ఆచారం ఉంది. పక్కగోడ ముక్కోణంగా లేచే చోట, అంచు వరస పెంకుల కింద పెట్టిన గచ్చు రోహిణి కార్తె ఎండలకు పెళ్ళలుగా రాలుతుంది. మృగశిర చినుకు పడేలోగా మేస్త్రి వచ్చి అక్కడ సిమెంటు మెత్తుతాడు. ఏడాది తిరిగేసరికి అదీ రాలుతుంది. ఇంత చక్కగా సాగిపోతున్న ఏర్పాటును కొందరు చాదస్తులు చెడగొట్టబోతున్నారు.

వాళ్ళ వాదన వినండి. ఎండకు పెంకు సాగుతుందట, వానకు చెక్క ఉబ్బుతుందట, ఇల్లన్నాక కాస్త కదులుతుందట. పాత సున్నం మెత్తనిది కాబట్టి సర్దుకునేది. ఒకటికి మూడు పాళ్ళ ఇసుకతో కలిపిన సిమెంటు మొండిది, పగులుతుంది. ఆ పగుల్లోంచి నీళ్ళు దిగి, పెంకుల్ని మోసే రీపర్ల (సన్న చెక్కపట్టీల) కొసలు పుచ్చిపోతాయి. అందుకని అంచు పెంకులు దించి, పాత గచ్చు మొత్తం పెళ్ళగించి, దుమ్ము దులిపి, తడిపి, సున్నం ఎక్కువ, సిమెంటు తక్కువ కలిపి మళ్ళీ కూర్చోబెట్టాలి. పైన తడి గోనెపట్టా కప్పి నిదానంగా ఆరనివ్వాలి. కాటన్ దొర 1852లో పూర్తి చేసిన ధవళేశ్వరం ఆనకట్ట సిమెంటుతో కట్టిందా అని ఎదురు ప్రశ్న కూడానూ.

దొరకేం, ఆయనకు ఉమ్మడి ఇంట్లో వాటాదార్లు లేరు.

మనకున్నారు. రాలిన అంచు ఫొటో వాట్సాప్‌లో పెట్టగానే డాలస్ వాటా నుంచి రెండు చేతులు జోడించిన బొమ్మ వస్తుంది. హైదరాబాద్ వాటా "స్లాబ్ వేసేద్దాం" అని ఊరుకుంటుంది. కాకినాడ మేనత్త "మా నాన్నే ఉంటే ఇల్లు ఇలా ఉండేదా" అని ఏడుస్తుంది. పండక్కి కూడా పలకరించుకోని వాళ్ళను మాట్లాడిస్తున్నది ఆ గచ్చే! దాన్ని గట్టిగా కడితే ఈ కుటుంబం ఏమైపోవాలి?

ఇక మేస్త్రి. కొబ్బరిచెట్టుకు ఆనించిన నిచ్చెనే తెచ్చి గోడకు వేస్తాడు. పాత పెళ్ళల మీదే, దుమ్ము మీదే, తాపీతో నాలుగు దెబ్బలు కొట్టి, వేలితో గీత గీసి, "ఆయ్, ఇంక వందేళ్ళు చూసుకోనక్కర్లేదండి బాబూ" అంటాడు. నిరుడూ వందేళ్ళే అన్నాడు. ఇసుక సముద్రం వైపుది, కాస్త ఉప్పగా ఉంటుంది. నాలుగు నెలలకు అంచంతా తెల్లగా పూస్తుంది, వెల్ల ఖర్చు మిగులు.

తుఫాను గాలి ముందుగా లేపేది అంచు పెంకునే అని 1996 నవంబరు 6 చూసినవాళ్ళు భయపెడతారు. నిజమే, అది లేస్తే పక్కది వదులవుతుంది. అలాగని గాలికి ఎక్కడా పట్టు దొరక్కుండా చేస్తామా?

కాబట్టి నా డిమాండు ఒక్కటే. సున్నం పని చేయించాలనుకునేవాళ్ళు ముందు వాటాదార్లందరి సంతకాలూ తేవాలి. డాలస్ సంతకం వచ్చేసరికి రీపర్లు ఎలాగూ కూలతాయి. అప్పుడు హైదరాబాద్ వాటా చెప్పినట్టు స్లాబే.