మహారాజశ్రీ గోల్ఫ్ లోకల్ రూల్స్ గారి సముఖానికి

ఉభయ కుశలోపరి అని రాయాలి కానీ, కుశలం తమరికే. నా స్కోరు మంచం పట్టింది.

తమరంటే ఒక్కో గోల్ఫ్ మైదానం తనకంటూ విడిగా పెట్టుకునే నిబంధనలని, తమరి నివాసం స్కోర్ కార్డు వెనక వైపని తెలుసు. ముందు వైపు చూడాలంటేనే నాకు టెన్షన్, ఇక వెనక్కి ఎక్కడ తిప్పేది? పైగా ఆ అక్షరాలు చీమల బారు. అందుకే మొన్న ఏడో హోల్ దాకా మనకు ముఖపరిచయం లేదు.

అక్కడ నా బంతి ఒక చెట్టు పక్కన ఆగింది. కింద నున్నటి గడ్డి, ఎదురుగా గ్రీన్ (బంతి పడాల్సిన గుంత ఉండే పచ్చిక), మధ్యలో అడ్డేమీ లేదు. బంతి కొట్టే క్లబ్ వెనక్కి లేపితే రెండాకులు తగులుతున్నాయి, అంతే. కొట్టాను. బంతి వెళ్లి జెండా దగ్గర కూర్చుంది. నేనింకా మురుస్తూనే ఉన్నా, నాతో ఆడుతున్న పెద్దాయన నుదుటి మీది కళ్లజోడు కిందికి దించి, చెమటకు మెత్తబడ్డ కార్డు తిప్పి, వేలు పెట్టి చదివారు. కర్ర కట్టిన లేత మొక్క స్వింగ్‌కి అడ్డొస్తే బంతిని పక్కకు తీసి డ్రాప్ చేయాలట, అంటే చేత్తో కిందికి వదలాలట. తీయొచ్చు కాదు, తీయాలి. తీయలేదు కాబట్టి రెండు స్ట్రోకుల పెనాల్టీ, అంటే కొట్టని రెండు దెబ్బలు నా లెక్కలో కలిశాయి. తక్కువ దెబ్బలవాడే గెలిచే ఆట కదా ఇది!

అయ్యా, ఆ లేత మొక్క నీడలోనే మేం నలుగురం నిలబడి వాదించుకున్నాం. దాని మొదలు నా నడుమంత లావుంది. ఎవరో ఎప్పుడో కట్టిన కర్రని సగం మింగేసింది కూడా. అయినా కర్ర ఉన్నంతకాలం తమరి లెక్కలో అది పసిబిడ్డే. (మా అమ్మ లెక్కలో నేనూ అంతే అనుకోండి.)

1744లో స్కాట్లాండ్‌లోని లీత్‌లో ఎడిన్‌బరో పెద్దమనుషులు గోల్ఫ్‌కి రాసుకున్నవి 13 రూల్సే. 2019లో 34 రూల్స్‌ని 24కి కుదించారు. బంతి పోతే రెండు స్ట్రోకులు వేసుకుని, పోయిన చోటి దగ్గరే డ్రాప్ చేసుకునే వీలు కూడా అప్పుడే వచ్చింది, కాకపోతే తమరు ఒప్పుకుంటేనే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా! మా కార్డులో ఆ ఒక్క వాక్యానికి చోటు దొరకలేదు. చెట్టుకు దొరికింది.

తమరి దయాగుణం కొత్తదేం కాదులెండి. 1940లో ఇంగ్లండ్‌లోని రిచ్‌మండ్ గోల్ఫ్ క్లబ్ మీద బాంబులు పడుతుంటే తమరేం సెలవిచ్చారు? సరిగ్గా కొట్టేటప్పుడు బాంబు పేలి షాట్ చెడితే, అక్కడి నుంచే ఇంకో బంతి ఆడొచ్చు, ఒక స్ట్రోకు పెనాల్టీతో. బాంబు హిట్లర్‌ది, పెనాల్టీ ఆటగాడిది.

2010 పీజీఏ ఛాంపియన్‌షిప్ అనే పెద్ద టోర్నీలో అమెరికా ఆటగాడు డస్టిన్ జాన్సన్ చివరి హోల్‌లో జనం తొక్కిన ఇసుక మీద క్లబ్ ఆనించాడు. అలాంటి ఇసుకంతా బంకరేనని, అంటే కొట్టే ముందు క్లబ్ ఆనించకూడని ఇసుక గుంతేనని తమరు లాకర్ రూంలో ముందే కాగితం అంటించారు. ఆయన చదవలేదు. రెండు స్ట్రోకులు పడి, విజేతను తేల్చే ప్లేఆఫ్ చేజారింది. పాపం అనాలి గానీ, అంతటివాడూ చదవలేదని తెలిశాక నాకు ప్రాణం లేచొచ్చింది.

మనవి ఒక్కటే, ఆ కర్ర తీయించండి. నేనే పీకేద్దామని వంగాను కూడా. ఎందుకైనా మంచిదని ఈసారి కార్డు తిప్పి చూశాను. కింద ఇంకో లైనుంది: కట్టిన కర్రలు కదిలించరాదు.

ఇట్లు,
ఏడో హోల్‌లో ఏడు కొట్టి ఏడుస్తున్న
తమరి విధేయుడు