నలభై దాటాక శిష్యరికమా?

నీల్ పియర్ట్ అనే కెనడా డ్రమ్మరు విజయనగరం పరువు తీశాడు. ఆయన 2020 జనవరి 7న కాలం చేశాడు కాబట్టి ఇప్పుడు కేసు పెట్టడానికి కూడా వీల్లేదు. అందుకే ఈ వ్యాసం.

మొన్న దసరాకి మా మేనల్లుడు బెంగళూరు నుంచి వస్తూ ఆయన వీడియోలన్నీ సంచిలో వేసుకొచ్చాడు. తొంభైల్లో చెప్పిన పాఠాలు, డ్రమ్ సోలో ఎలా కడతారో విడమరిచి 2005లో తెచ్చినవి, కచేరీలూ పాఠాలూ కలిపి 2011లో మూడు డీవీడీల్లో వచ్చిన పెద్ద సెట్టు. "మావయ్యా, నీకు లయ అంటే పిచ్చి కదా, చూడు" అన్నాడు. పిచ్చి నిజమే. ముప్పై ఏళ్లుగా ప్రతి కచేరీలో మొదటి వరసలో కూర్చుని తొడ మీద తాళం వేస్తున్నాను. పక్కన కూర్చున్నవాళ్ళు ఇంటర్వెల్ తర్వాత వేరే వరసలో కనిపిస్తుంటారు. అది వాళ్ళిష్టం.

మా డీవీడీ ప్లేయరు పాతసామాన్లవాడికి ఎప్పుడో వేసేశాం. మళ్ళీ ఆయన్నే అడిగితే ఒకటి తెచ్చి ఎనిమిది వందలకి అమ్మాడు. అది మాదేనని మా ఆవిడ అనుమానం.

చూడటం మొదలుపెట్టాను. రష్ అని ఒక బ్యాండు. మనుషులు ముగ్గురే. ఈయన 1974లో చేరాడు. డ్రమ్ములు వాయించడం సరిపోక వాళ్ళ పాటలకి సాహిత్యం కూడా ఈయనే రాశాడు. చుట్టూ కోటగోడలా డ్రమ్ములు పేర్చుకుని మధ్యలో కూర్చుంటాడు. కచేరీ నడుస్తుండగా ఆ పీట మొత్తం గిర్రున తిరిగి, వెనకవైపున్న ఎలక్ట్రానిక్ డ్రమ్ములు ముందుకొస్తాయి. బాగానే ఉంది గానీ, సిరిమాను పండక్కి చింతమాను చివర పూజారిని కూర్చోబెట్టి కోట దాకా మూడుసార్లు ఊరేగించే ఊరు మాది. ఈ మాత్రానికి బెదరం. శ్రీకాకుళం వైపు తప్పెటగుళ్ళవాళ్ళని చూడండి. రేకు తప్పెట గుండెకి కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో ఎగురుతూ, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కుతూ వాయిస్తారు. స్టూలు అడిగినవాడు ఇంతవరకు లేడు.

ఇంకొక చోట, వాళ్ళ ఊరు టొరంటో విమానాశ్రయం కోడ్‌లోని మూడక్షరాలనీ మోర్స్ కోడ్‌లో, అంటే పొట్టి దెబ్బలూ పొడుగు దెబ్బలతో అక్షరాలు చెప్పే టెలిగ్రాఫు భాషలో, వాయించి, అక్కడినుంచే ఒక పాట ఎత్తుకున్నారు. అది చూసి నాకూ ఊరి మీద అభిమానం పొంగింది. మన స్టేషను కోడ్ వి జెడ్ ఎం. పొట్టివి మూడు పొడుగు ఒకటి, పొడుగులు రెండు పొట్టివి రెండు, మళ్ళీ పొడుగులు రెండు. డాబా ఎక్కి నీళ్ళ ట్యాంకు మీద వాయించాను. ప్లంబరు వచ్చాడు.

ఇక అసలు సంగతి. నాలుగు అవయవాలు నాలుగు దారుల్లో కదలాలని చెప్పడానికి ఈయన ఇన్ని గంటలు తీసుకున్నాడు. 1919లో పెట్టిన మా సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు రెండు చేతులు, రెండు కాళ్ళు, తల, వెరసి ఐదు తాళాలు ఒకేసారి వేసి పంచముఖి అనిపించుకున్నారు. ఐదులోంచి నాలుగు తీసేస్తే ఒకటి. ఒక తలకాయ తేడాతో మనం నెగ్గాం. పైగా వాళ్ళు గొప్పగా చెప్పుకునే ఏడు దెబ్బల లెక్క మన మిశ్రచాపు తాళమే. తకిట తకధిమి. "ఇందులో నీ వాటా ఏంటి మావయ్యా?" అన్నాడు మేనల్లుడు. రోజూ పాలప్యాకెట్ కోసం కళాశాల ముందునుంచే వెళ్తాను. కుర్రాళ్ళకి ఇలాంటివి అర్థం కావు.

ఇంతవరకు ఓర్చుకున్నాను. కానీ 1994లో ఈయన చేసిన పని క్షమించరానిది. అప్పటికి బ్యాండులో చేరి ఇరవై ఏళ్లు. ప్రపంచంలో రాక్ డ్రమ్ములు నేర్చుకునే ప్రతి కుర్రాడూ ఈయన్నే చూసి వాయిస్తున్నాడు. బడ్డీ రిచ్ అనే పాతతరం జాజ్ డ్రమ్మరు జ్ఞాపకార్థం రికార్డింగులు జరుగుతుంటే, స్టీవ్ స్మిత్ అనే ఇంకో డ్రమ్మరు వాయింపు విని, ఇంత మార్పు ఎలా వచ్చిందయ్యా అని అడిగాడు. ఫ్రెడ్డీ గ్రూబర్ అనే డ్రమ్ముల మాస్టారి దగ్గర నేర్చుకున్నానని జవాబు. మనమైతే ఏం చేస్తాం? "ఆఁ, నాకు తెలిసినవాడే" అని కాఫీకి వెళ్తాం. ఈ పెద్దమనిషి వెళ్లి అరవై దాటిన ఆ గ్రూబర్ దగ్గర శిష్యుడిగా చేరాడు! ఎడమచేత్తో పుల్ల పట్టుకునే తీరు దగ్గర్నుంచి మార్చుకున్నాడు. దెబ్బ ఒక్కటే కాదు, దెబ్బకీ దెబ్బకీ మధ్య గాలిలో చెయ్యి ఎలా తిరుగుతోందో చూసుకోమని గురువు చెబితే, నెలల తరబడి అదే సాధన. అంతా అయ్యాక సిగ్గుపడి దాచుకోకుండా కెమెరా ముందు కూర్చుని చెప్పాడు.

మా ఊరి పద్ధతి వేరు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఇక్కడి కళాశాలలో విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన ఫిడేలు విని దాసుగారు ఏకంగా ఆచార్యుడిగా తీసుకున్నారని చెప్పుకుంటాం. దీన్నిబట్టి విజయనగరంలో విద్యార్థి దశ అనవసరమని మేం ఎప్పుడో తేల్చేసుకున్నాం. ఆయన రాకముందే ఎంత వాయించి ఉంటాడన్నది మాకు పట్టని విషయం. సత్యనారాయణ వ్రతంలో ఒకసారి హార్మోనియం ముట్టుకున్నవాణ్ణి మర్నాటినుంచి మాస్టారూ అంటాం. ఆ తర్వాత పాపం ఆయన్ని వాయించమని ఇబ్బంది పెట్టం. సన్మానాలకి పిలుస్తాం. మా వీధిలో ఒకాయనకి పదిహేడు శాలువాలున్నాయి. తబలాకి గలేబు అయినా కుట్టించలేదు. తబలా లేదు.

ఇలాంటి ఊళ్ళోకి, టూరు రిహార్సల్ మొదలవకముందే ఒక్కడే కూర్చుని రిహార్సల్‌కి రిహార్సల్ చేసుకునేవాడి వీడియోలు తేవచ్చా? శాంతిభద్రతల సమస్య కాదూ?

అయినా నిష్పక్షపాతంగా ఉండాలని పాఠాలు కూడా చూశాను. ఎక్కువ ఉన్నాయి కాబట్టి ఒకటిన్నర వేగంలో పెట్టుకున్నాను. నా అభిప్రాయం, ఆయన లయలో కాస్త తొందరపడతాడు.

ఆవేశంలో ఒక జత పుల్లలు, రబ్బరు ప్యాడు ఆన్‌లైన్లో తెప్పించాను కూడా. అవి వచ్చిన రోజే పక్కింటి కోడలు వచ్చింది. అయ్యకోనేరు గట్టున ధనుర్మాసం కోలాటానికి ఆడవాళ్ళంతా తయారవుతున్నారు, తన కర్ర విరిగిపోయింది. "బాబాయిగారూ, మీరేటీ వాడటం లేదు కదా, ఓ రెండ్రోజులు ఇద్దురూ" అని పట్టుకెళ్ళింది. రెండు రోజులు కాస్తా రెండు నెలలయింది. రోజూ సాయంత్రం ఆరింటికి వాళ్ళ డాబా మీద మొదలయ్యేది. మొదట్లో అడుగు ఒకచోట, కర్ర ఒకచోట పడేవి. టీవీ సౌండు పెంచుకునేవాణ్ణి. తర్వాత్తర్వాత పెంచడం మర్చిపోయాను.

సంక్రాంతి వెళ్ళాక తెచ్చి ఇచ్చింది. "ఏటనుకోకండి బాబాయిగారూ, మొనలు అరిగిపోయాయి" అంది. నిజంగానే చెక్క లేచిపోయి, పట్టుకునేచోట చెమటకి నల్లబడి ఉన్నాయి. షోకేసులో ఆ డీవీడీల పక్కన పెట్టాను.

పోయిన ఆదివారం సాంస్కృతిక సంఘంవాళ్ళు చందాకి వచ్చారు. షోకేసు ముందు ఆగి, అద్దంలోంచి చాలాసేపు చూసి, "గొప్ప సాధనండీ మాస్టారూ" అన్నారు. నేను కాదనలేదు. వచ్చే నెల శాలువా కప్పుతారట. ఏ రంగైనా పర్వాలేదని చెప్పాను.